ఫ్లోరెన్స్‌లో ఆరు రాత్రులు, ఇంటికొచ్చాక మూడేళ్ల ఈఎంఐ

ప్రశ్న: నా వయసు 36. హనుమకొండలో ఉంటాం. నాకూ నా భార్యకూ కలిపి నెలకు 1,16,000 చేతికొస్తుంది. అద్దె, కారు ఈఎంఐ, పాప ఫీజు, అమ్మ మందులు అన్నీ కలిపి 88,000 ఖర్చు. సిప్ (మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా పెట్టే పెట్టుబడి) 8,000. ఎఫ్‌డీ 2.60 లక్షలు ఉంది. ఆఫీసు గ్రూపు ఆరోగ్య బీమాలో మేం ముగ్గురమే ఉన్నాం. అమ్మకు 64 ఏళ్లు, షుగరు ఉంది, పాలసీ లేదు. పెళ్లయి పదేళ్లవుతోందని వచ్చే ఏప్రిల్ 26 నుంచి ఇటలీలోని ఫ్లోరెన్స్‌లో 6 రాత్రులు ఉందామనుకున్నాం. పాపకు 7 ఏళ్లు. స్టేషన్ దగ్గర రెండు నక్షత్రాల హోటల్‌లో 110 యూరోల గది ఉచిత రద్దు సౌకర్యంతో పట్టి ఉంచాను. రద్దు కుదరని గదైతే 97 యూరోలే. మార్చుకోమంటారా? మొత్తం 5.20 లక్షలవుతుంది. ఎఫ్‌డీ నుంచి 2.20 లక్షలు తీసి, మిగతా 3 లక్షలు 14 శాతానికి పర్సనల్ లోన్ తీసుకుంటున్నాను. బ్యాంకు యాప్‌లో ముందే మంజూరై ఉంది.

జవాబు: మార్చుకోకండి. ఆ లోన్ కూడా తీసుకోకండి. మీరు అడిగింది హోటల్ గది గురించే, లోన్ గురించి కాదు. అలాంటి ఉత్తరాలు చాలా వస్తున్నాయి కాబట్టే దీన్ని ఎంచుకుని వివరంగా రాస్తున్నాను. గది చవకగా దొరికితే ప్రయాణమే చవకైపోయినట్టు అనిపిస్తుంది. కాగితం మీద పెట్టి చూస్తే లెక్క వేరు.

3 లక్షలు, 14 శాతం, 36 నెలలకు ఈఎంఐ దాదాపు 10,250. మూడేళ్లలో కట్టే వడ్డీ 69,000 దాటుతుంది. 2 శాతం ప్రాసెసింగ్ ఫీజు, దాని మీద జీఎస్టీ పడితే ఇంకో 7,080. యూరోను వంద రూపాయలుగా అనుకుంటే మీ గదికి 6 రాత్రుల అద్దె 66,000. అంటే ఫ్లోరెన్స్‌లో ఒకసారి గది అద్దె కట్టి, హనుమకొండకొచ్చి మూడేళ్లపాటు బ్యాంకుకు అదే అద్దె మళ్లీ కడతారు. రాత్రికి 13 యూరోలు మిగల్చడానికి అంత వెతికిన మీరు ఈ లెక్క ఎలా వదిలేశారు?

ఇక ఎఫ్‌డీ. దాన్ని మీరు పొదుపుగా చూస్తున్నారు. మీ ఇంటికి ఉన్న ఒకే ఒక్క అత్యవసర నిధి అదే. నెలకు 88,000 ఖర్చయ్యే ఇంటికి ఆరు నెలల నిధి అంటే 5.28 లక్షలు. మీ దగ్గరున్నది మూడు నెలలకు కూడా చాలదు. అందులోంచి 2.20 లక్షలు తీసేస్తే మిగిలే 40,000 రెండు వారాలకు సరిపోదు. పైగా ఆ నెల నుంచే కొత్త ఈఎంఐ మొదలవుతుంది, ఖర్చు 98,000 దాటుతుంది. నిధి చిన్నదవుతున్నప్పుడే దాని మీద భారం పెరుగుతుందన్నమాట.

ఒక పరిస్థితి ఊహించండి. మీరు ఫ్లోరెన్స్‌లో ఉన్నారు, అక్కడ రాత్రి పదకొండు, ఇక్కడ తెల్లవారుజామున రెండున్నర. అమ్మగారిని ఆసుపత్రిలో చేర్చారని చెల్లెలో తమ్ముడో ఫోన్ చేశారు. బీమా లేదు కాబట్టి ముందుగా డిపాజిట్ కట్టమంటారు. ఎఫ్‌డీ తీసేశారు. క్రెడిట్ కార్డు పరిమితిలో సగం ప్రయాణానికే వాడేశారు. ఉన్న డబ్బు పంపాలన్నా ఓటీపీ మీ ఇండియా సిమ్‌కే వస్తుంది, దానికి రోమింగ్ పెట్టించుకోలేదు. తిరిగొచ్చే టికెట్ తేదీ మార్చాలంటే దానికో ఛార్జీ. అత్యవసర నిధి ఉండాల్సింది ఇలాంటి రాత్రి కోసం. అమ్మగారి పాలసీ ప్రయాణం కన్నా ముందు తీసుకోవాలి. షుగరు ఉందని దాచకుండా రాయించండి. ముందే ఉన్న జబ్బుకు క్లెయిము ఇవ్వడానికి ఆగాల్సిన కాలం (వెయిటింగ్ పీరియడ్) ఇవాళ మొదలైతేనే కదా ఎప్పటికో పూర్తయ్యేది!

రద్దు కుదరని గది సంగతి. 6 రాత్రులకు మీకు మిగిలేది 78 యూరోలు, అంటే 7,800 రూపాయలు. పోగొట్టుకునే ప్రమాదం ఉన్నది 582 యూరోలు, 58,200 రూపాయలు. మీకింకా షెంజెన్ వీసా (ఇటలీతో పాటు చాలా యూరప్ దేశాలకు పనికొచ్చే ఉమ్మడి వీసా) రాలేదు. వీసా తిరస్కరించినా, పాపకు జ్వరమొచ్చినా, ఆఫీసులో సెలవు ఆగిపోయినా ఆ డబ్బు వెనక్కి రాదు. వీసా చేతికొచ్చేదాకా ఉచిత రద్దు ఉన్న గదే పట్టాలి. ఇంకో విషయం, దరఖాస్తుకు జత చేసే బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ఎప్పుడూ లేని 3 లక్షలు ఉన్నట్టుండి జమయితే, ఎక్కడివని అడుగుతారు. నెలనెలా నిలకడగా ఉన్న చిన్న నిల్వకు ఉన్న విలువ అప్పు తెచ్చి చూపించిన పెద్ద నిల్వకు ఉండదు. వీసా ఫీజు పెద్దవాళ్లకు 90 యూరోలు, 6 నుంచి 11 ఏళ్ల పిల్లలకు 45. మీ ముగ్గురికి 225, ఆపైన వీసా కేంద్రం సర్వీసు ఛార్జీ. తిరస్కరించినా ఈ ఫీజు తిరిగి ఇవ్వరు.

మీరు ఎంచుకున్న తేదీలు కూడా ఖరీదైనవే. ఏప్రిల్ 25, మే 1 ఇటలీలో జాతీయ సెలవులు. మధ్య రోజులకు సెలవు కలుపుకుని అక్కడివాళ్లే ఊళ్లు తిరుగుతారు. ఆ వారంలో ఫ్లోరెన్స్‌లో రెండు నక్షత్రాల గది కూడా చవకగా దొరకదు.

ఆ గదులు ఎలా ఉంటాయో తెలిసి వెళ్తే అక్కడికెళ్లాక అనుకోని ఖర్చు తగ్గుతుంది. పాత ఊళ్లో, శాంతా మరియా నొవెల్లా స్టేషన్‌కు నడిచి వెళ్లే దూరంలో ఉండే చిన్న హోటళ్లు చాలావరకు వందల ఏళ్ల నాటి భవనంలో ఒకటి రెండు అంతస్తులు మాత్రమే తీసుకుని నడుస్తాయి. కింద వీధి తలుపు, పక్కన వరసగా కాలింగ్ బెల్ మీటలు, వాటిలో ఒకదాని మీద హోటల్ పేరు. లిఫ్ట్ ఉందో లేదో బుకింగ్ వివరాల్లో చూడండి. లేకపోతే 23 కిలోల పెట్టెతో మూడంతస్తులు రాతి మెట్లెక్కాలి. ఫ్లోరెన్స్‌లో ఒకే వీధికి రెండు రకాల ఇంటి నంబర్లున్నాయి. దుకాణాలకు ఎర్ర నంబర్లు, ఇళ్లకు నలుపు లేదా నీలం నంబర్లు. ఎర్ర 21, నలుపు 21 పక్కపక్కన ఉండవు. రాత్రి పూట పెట్టెలతో వెతుక్కునేవాళ్లు ఇక్కడే తికమకపడి టాక్సీకి డబ్బు పోస్తారు. రిసెప్షన్ ఎన్ని గంటలకు మూస్తారో ముందే మెయిల్‌లో అడగండి. ఆలస్యంగా వస్తే అదనపు రుసుము తీసుకునే చోట్లున్నాయి.

గది ధర చూసేటప్పుడు స్నానాల గది లోపలే ఉందా, వేరేవాళ్లతో కలిపి వాడుకోవాలా అన్నది చదవండి. అలాగే ఇద్దరికని బుక్ చేసి పాపతో ముగ్గురు దిగితే కుదరదు. బస చేసే ప్రతి ఒక్కరి వివరాలు హోటల్‌వాళ్లు 24 గంటల్లో పోలీసులకు పంపాలి. అందుకే వెళ్లగానే ముగ్గురి పాస్‌పోర్టులూ అడుగుతారు. ముగ్గురు పట్టే గదే తీసుకోండి. మరీ చవకగా కనిపించిన ప్రకటనలో సీఐఎన్ కోడ్ ఉందో లేదో చూడండి. 2025 జనవరి 1 నుంచి ఇటలీలో పర్యాటకులకు గదులిచ్చే ప్రతి ఒక్కరూ ఈ జాతీయ గుర్తింపు కోడ్‌ను ప్రకటనలోనూ తలుపు దగ్గరా చూపించాలి. అది కనిపించని చోట అడ్వాన్సు కట్టకండి.

గది అద్దెలో కలవని ఖర్చు ఊరి పన్ను. ఫ్లోరెన్స్‌లో 2023లో పెంచిన రేటు ప్రకారం రెండు నక్షత్రాల హోటల్‌లో తలకు రాత్రికి 4.50 యూరోలు, వరసగా 7 రాత్రుల దాకా వేస్తారు. 12 ఏళ్ల లోపు పిల్లలకు లేదు. మీ ఇద్దరికి 6 రాత్రులకు 54 యూరోలు. మీరు బయల్దేరే నాటికి రేటు మారిందేమో హోటల్‌నే అడగండి. దీన్ని చాలా చిన్న హోటళ్లు నగదుగా అడుగుతాయి. గది డబ్బు కార్డు మీద కట్టేటప్పుడు మెషీన్ ‘రూపాయల్లోనా, యూరోల్లోనా’ అని అడిగితే యూరోలే నొక్కండి. రూపాయలు నొక్కితే మారకం రేటు వాళ్లిష్టం. మామూలు క్రెడిట్ కార్డు మీద 3.5 శాతం విదేశీ మారకపు రుసుము, దాని మీద జీఎస్టీ కలిపితే 66,000కు 2,700 పైనే పోతుంది. ముందే యూరోలు నింపి ఉంచుకునే ఫారెక్స్ కార్డు వాడితే అది తగ్గుతుంది. కాకపోతే హోటల్ ముందుగా కొంత మొత్తాన్ని ఆపి ఉంచితే ఆ కార్డులో అది విడుదల కావడానికి రోజులు పడుతుంది. అందుకే ఇంకో కార్డు దగ్గరుండాలి. క్రెడిట్ కార్డుతో ఏటీఎంలో మాత్రం డబ్బు తీయకండి, వడ్డీ ఆ రోజు నుంచే మొదలవుతుంది.

ప్రయాణ బీమా మాటకొస్తే, వీసాకు కావాల్సిన కనీస కవరేజి 30,000 యూరోలు. చాలామంది దరఖాస్తుకు ఒక కాగితం కావాలని ఆ కనీసం ఉన్న అతి చవక పాలసీ కొంటారు. ఫ్లోరెన్స్ నడిబొడ్డున శాంతా మరియా నువోవా ఆసుపత్రి ఉంది. 1288లో మొదలై ఇప్పటికీ అత్యవసర విభాగంతో నడుస్తోంది. వైద్యం అందుతుంది, కానీ మన దేశం నుంచి వెళ్లిన పర్యాటకులు బిల్లు కట్టాలి. మీ ఆఫీసు గ్రూపు పాలసీ అక్కడ పనిచేస్తుందని అనుకోవద్దు. పాలసీలో మొదట మీరు భరించాల్సిన మొత్తం ఎంత, ముందునుంచీ ఉన్న జబ్బులకు వర్తిస్తుందా, ఇంట్లోవాళ్లు ఆసుపత్రిపాలై ప్రయాణం మధ్యలో ఆపుకోవాల్సి వస్తే ఇస్తారా, ఈ మూడూ చదవండి. అమ్మగారి ఆరోగ్యం దృష్ట్యా మీకు మూడోదే ముఖ్యం. ముందునుంచీ ఉన్న షుగరు కారణంగా చూపి దాన్ని తోసిపుచ్చే షరతు ఉందేమో వెతకండి. పాస్‌పోర్టు పోతే పోలీసు ఫిర్యాదు కాగితం పట్టుకుని రోమ్‌లోని మన రాయబార కార్యాలయానికి వెళ్లాలి. వేగంగా వెళ్లే రైల్లో గంటన్నర ప్రయాణం, ఆపైన అనుకోకుండా అక్కడ ఒకటి రెండు రాత్రుల బస. ఆ ఖర్చు పాలసీ ఇస్తుందో లేదో కూడా చూసుకోండి.

ఈ లోన్‌కు బదులు ఎఫ్‌డీ మీద అప్పు తీసుకుంటే వడ్డీ తక్కువే, కానీ తాకట్టు పడేది ఆ అత్యవసర నిధే. బంగారం తాకట్టు విహారానికి వద్దు. హోటల్ బిల్లును కార్డు మీద ఈఎంఐగా మార్చుకోవడం ఈ లోన్‌కు చిన్న తమ్ముడు. ప్యాకేజీ టూర్ తీసుకుంటే టీసీఎస్ (అమ్మేవాళ్లు ముందే వసూలు చేసే ఆదాయపు పన్ను) పట్టుకుంటారు, రిటర్న్ వేశాక తిరిగొచ్చినా అప్పటిదాకా ఆ డబ్బు మీది కాదు. సిప్ ఆపకండి.

మరి ఎప్పుడు వెళ్లాలి? ఖర్చులు, సిప్ పోను మీకు నెలకు 20,000 మిగులుతుంది. అత్యవసర నిధికి తక్కువ పడిన 2.68 లక్షలు 14 నెలల్లో నిండుతుంది. ఆ తర్వాత అదే 20,000 వేరే ఆర్‌డీలో (నెలనెలా కట్టే రికరింగ్ డిపాజిట్) వేస్తే 21 నెలల్లో 4.20 లక్షలు. కలిపి 35 నెలలు. అప్పు తీర్చడానికి మీరు ఒప్పుకున్నది 36 నెలలు! అమ్మగారి పాలసీ ప్రీమియం తీసేస్తే ఇంకొన్ని నెలలు పడుతుంది, బోనస్ వచ్చిన ఏడాది కొన్ని నెలలు తగ్గుతుంది. షాపింగ్ తగ్గించి, తేదీలు మార్చుకుంటే 4.20 లక్షల్లో ఈ ప్రయాణం చేయొచ్చు. అప్పటికి పాపకు పదేళ్లు. ఇప్పటి నిబంధనల ప్రకారం వీసా ఫీజు 45 యూరోలే, ఊరి పన్ను అప్పటికీ ఉండదు.

తేదీలకు సంక్రాంతి సెలవులు చూడండి. అక్కడివాళ్ల జనవరి 6 ఎపిఫనీ పండుగ దాటాక ఫ్లోరెన్స్‌లో గదుల ధరలు బాగా దిగుతాయి. కాకపోతే జనవరి మధ్యలో స్టేషన్ పక్కనున్న ఫోర్తెజ్జా దా బాస్సో కోటలో పిట్టి ఉవోమో అనే మగవాళ్ల దుస్తుల ప్రదర్శన జరుగుతుంది. ఆ నాలుగు రోజులూ మీరు వెతుకుతున్న వీధుల్లోనే గదులు నిండిపోయి ధర ఎగబాకుతుంది. ఆ ఏటి ప్రదర్శన తేదీలు చూసి, వాటికి ముందో తర్వాతో దిగండి. చలి గట్టిగానే ఉంటుంది. అక్కడి నిబంధనల ప్రకారం ఫ్లోరెన్స్‌లో నవంబరు 1 నుంచి ఏప్రిల్ 15 దాకా, మామూలుగా రోజుకు 12 గంటలకు మించకుండా హీటింగ్ నడుపుతారు. పాపకు మందపాటి నైట్ డ్రెస్ పెట్టుకోండి.

ఈ వారం చేయాల్సినవి చెబుతాను. అమ్మగారి పాలసీకి కొటేషన్లు తెప్పించండి. 20,000కు నెల మొదట్లోనే జీతం ఖాతా నుంచి కోత పడేలా ఆర్‌డీ పెట్టండి. బ్యాంకు యాప్‌లో ఆ లోన్ ఆఫర్‌కు అంగీకారం నొక్కకండి. నొక్కి ఉంటే, డబ్బు జమ కాకముందే బ్యాంకుకు ఫోన్ చేసి ఆపించండి. జమయిపోతే లోన్ వెనక్కిచ్చే గడువు ఎన్ని రోజులో పత్రాల్లో చూసి ఆ లోపు మొత్తం కట్టేయండి. 110 యూరోల బుకింగ్ రద్దు చేయండి. ఉచిత రద్దు గడువు ఇటలీ సమయం ప్రకారం లెక్కిస్తారు కాబట్టి ఎన్ని గంటలన్నది బుకింగ్ మెయిల్‌లో చూసుకుని ఒక రోజు ముందే ఆ పని పూర్తిచేసి, రద్దయినట్టు వచ్చిన మెయిల్‌ను దాచుకోండి.