చలికాలం పండగలకి డే కేర్‌లో పెద్దవాళ్ళతో ఏ క్రాఫ్ట్ చేయించాలి, చేతులు వణికితే ఎలా?

సన్న కత్తిరింపులు, సూది పని లేకుండా, వాళ్ళ చేతులకి ముందే అలవాటైన పని ఏదైనా ఇవ్వండి, అంటే వత్తులు చేయడం, పూలమాల కట్టడం, పొట్లాలు కట్టడం లాంటివి. ఎందుకంటే ఏళ్ళ తరబడి చేసిన చేతిపని గుర్తు అంత తొందరగా పోదు, మతిమరుపు జబ్బు వచ్చినవాళ్ళలో కూడా పేర్లు, తేదీలు ముందు పోతాయి కానీ వేళ్ళకి వచ్చిన పని చాలావరకు చాలాకాలం ఉంటుంది. ఇంకోటి, బెంగళూరులో డిసెంబర్, జనవరి పొద్దున్నపూట చలికి కీళ్ళు పట్టేసినట్టుంటాయి కాబట్టి టీ తాగి, చేతులు కాస్త వెచ్చబడ్డాక పదకొండింటికి అలా మొదలుపెడితే నయం.

ఉదాహరణకి సంక్రాంతికి ఇక్కడ పంచే ఎళ్ళు బెల్ల, అంటే నువ్వులు బెల్లం కలిపిన మిశ్రమం తీసుకోండి. నువ్వులు, బెల్లం ముక్కలు, ఎండు కొబ్బరి, పల్లీలు, పుట్నాలు వేరువేరు గిన్నెల్లో పెట్టి, ఒకరు కలపడం, ఒకరు చెంచాతో రంగు కాగితం కవర్లలో నింపడం, చూపు బాగున్నవాళ్ళు కవర్ మీద ముగ్గు గీయడం, వణుకు ఉన్నవాళ్ళు స్టిక్కర్ అంటించడం. షుగర్ ఉన్నవాళ్ళు నోట్లో వేసుకోకుండా ఓ కన్నేయాలి, అది మాత్రం తప్పదు.

చాలామంది పొరపాటు పడేది ఎక్కడంటే, పెద్దవాళ్ళంటే చిన్నపిల్లలతో సమానం కదా అని నర్సరీ పిల్లల కలరింగ్ బుక్కులు, దూది శాంటాలు ముందు పెట్టేస్తారు. పెద్దవాళ్ళు వాటిని చేతకాక కాదు, చిన్నతనంగా అనిపించి పక్కన పడేస్తారు. పని తేలిగ్గా ఉండాలి గానీ పిల్లల ఆటలా ఉండకూడదు.