కిట్‌లో అమ్మోనియా మారలేదు, సాయంత్రానికి రొయ్య గట్టు పడుతోంది: ఎందుకు?

ప్రశ్న: మాది భీమునిపట్నం దగ్గర ఎకరం వెనామీ రొయ్యల చెరువు. లోతు 4 అడుగులు, పిల్ల వేసి 62 రోజులు, రోజుకు 60 కిలోల మేత. వాయుగుండం వానలకు ఉప్పు 8 పీపీటీకి (లీటరుకు 8 గ్రాములు) పడిపోయింది. కిట్‌లో అమ్మోనియా పొద్దున 1.5 పీపీఎం (లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాము), సాయంత్రమూ అంతే. అయినా పొద్దున బాగున్న రొయ్య మధ్యాహ్నం మూడయ్యేసరికి గట్టు వెంట తిరుగుతోంది. మేత తింటోందో లేదో చూసే చెక్ ట్రేలో మేత మిగిలిపోతోంది. పీహెచ్ పొద్దున 7.8, సాయంత్రం 8.9. ఆల్కలినిటీ 70 పీపీఎం. నీళ్లు బాగుపడతాయని మొన్న మధ్యాహ్నం 50 కిలోల కాల్చిన సున్నం చల్లితే పీహెచ్ 9.2కి పోయి కొంత రొయ్య చచ్చిపోయింది. అమ్మోనియా లాగేస్తుందని మందుల కొట్టులో నాలుగు మూటల జియోలైట్ ఇచ్చారు. వెయ్యమంటారా?
– ఒక రొయ్య రైతు, భీమునిపట్నం మండలం, విశాఖపట్నం జిల్లా

జవాబు: జియోలైట్ సంగతి చివర్లో చెప్తాను. దానికంటే ముందు మీ పీహెచ్ పొద్దున 7.8 నుంచి సాయంత్రం 8.9కి పోయేలోపు ఏం జరుగుతోందో తెలియాలి. మందు దాన్ని బట్టే.

మీ కిట్ అబద్ధం చెప్పలేదు. కాకపోతే అది చూపేది మొత్తం అమ్మోనియా. నీళ్లలో అది రెండు రూపాల్లో ఉంటుంది. ఒకటి అమ్మోనియం అయాన్, దీనికి విద్యుదావేశం ఉంటుంది కాబట్టి మొప్పల పొరలోంచి అంత తేలిగ్గా దూరదు. రెండోది ఆవేశం లేని అమ్మోనియా. ఇది నేరుగా దూరుతుంది, రొయ్యను దెబ్బతీసేది ప్రధానంగా ఇదే. ఈ రెండూ ఎప్పుడూ అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు మారుతూనే ఉంటాయి. ఇంటర్ పుస్తకంలో ద్విగత చర్య, సమతాస్థితి అని చదువుకున్నది ఇదే. నీళ్లలో ఆమ్లగుణం ఎక్కువైతే అమ్మోనియా హైడ్రోజన్ అయాన్‌ను పట్టుకుని అమ్మోనియంగా మారుతుంది. క్షారగుణం పెరిగితే, అంటే పీహెచ్ పెరిగితే, అమ్మోనియం దాన్ని వదిలేసి మళ్లీ విషపు రూపంలోకి వస్తుంది. మొత్తం మాత్రం మారదు. అందుకే కిట్ రంగు రెండు పూటలా ఒకటే.

లెక్క వేసి చూద్దాం. నీటి వేడి 30 డిగ్రీలు అనుకుంటే 7.8 పీహెచ్ దగ్గర మొత్తంలో నూటికి 5 వంతులే విషపు అమ్మోనియా. అంటే మీ 1.5లో 0.07 పీపీఎం. 8.9 దగ్గర నూటికి 38 వంతులు దాకా అవుతుంది, అంటే 0.57. పొద్దుటికీ సాయంత్రానికీ ఎనిమిది రెట్లు తేడా. వెనామీకి ఇది 0.1 దాటకుండా చూసుకోవాలి. మీ రొయ్య పొద్దున ఆ గీతకు ఇవతల ఉంటోంది, మధ్యాహ్నం అవతలికి పోతోంది. సున్నం చల్లిన రోజు 9.2 దగ్గర సగానికి పైనే విషపు రూపం, దాదాపు 0.83 పీపీఎం. నీళ్లు వేడెక్కే కొద్దీ ఈ వంతు ఇంకా పెరుగుతుంది. ఉప్పు ఉన్న నీళ్లలో కొద్దిగా తగ్గుతుంది, కానీ 8 పీపీటీలో ఆ తేడాను లెక్కలోకి తీసుకోనక్కర్లేదు.

ఇక పీహెచ్ అంతలా ఎందుకు ఎగిరింది? ఎండలో నాచు (మీరు బ్లూమ్ అనేది) కార్బన్ డయాక్సైడ్ లాగేస్తుంది. నీళ్లలో కలిసిన ఆ వాయువు బలహీన ఆమ్లం కాబట్టి అది పోయిన కొద్దీ పీహెచ్ పెరుగుతుంది. లోటు తీర్చడానికి బైకార్బొనేట్ విడిపోయి కొంత కార్బన్ డయాక్సైడ్‌నూ, కొంత కార్బొనేట్‌నూ ఇస్తుంది. ఆ కార్బొనేట్ క్షారం. రాత్రి నాచు, రొయ్య, అడుగు మట్టి అన్నీ ఊపిరి వదులుతాయి కాబట్టి చర్య వెనక్కి తిరుగుతుంది, తెల్లారేసరికి పీహెచ్ దిగుతుంది. ఈ ఊగులాటను పట్టి ఉంచేది బైకార్బొనేట్ నిల్వ. దాన్నే ఆల్కలినిటీ అంటాం. వెనామీ చెరువులో 100 నుంచి 150 ఉండాలి. మీది వానకు పలచబడి 70కి వచ్చింది, అందుకే పొద్దుటికీ సాయంత్రానికీ 1.1 తేడా. 0.5 దాటకపోతే మంచిది.

దీన్ని కళ్లతో చూడాలంటే మధ్యాహ్నం మూడింటికి గాజు గ్లాసులో చెరువు నీళ్లు తీసుకుని పీహెచ్ మీటర్ ముంచండి. తర్వాత ప్లాస్టిక్ గొట్టంతో రెండు నిమిషాలు మెల్లగా ఊదండి. పీల్చకూడదు. మీ ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్‌కే 8.9 గబగబా కిందకు జారుతుంది. చెరువులో రాత్రంతా జరిగేది గ్లాసులో రెండు నిమిషాల్లో కనబడుతుంది.

సున్నం ఎందుకు తిరగబడిందంటే, కాల్చిన సున్నం నీళ్లలో పడగానే కాల్షియం హైడ్రాక్సైడ్ అవుతుంది. ఇది బలమైన క్షారం. కార్బన్ డయాక్సైడ్ ఉన్న వేళ దాన్ని పట్టుకుని బైకార్బొనేట్‌గా మారుతుంది, ఆల్కలినిటీ పెరుగుతుంది. మధ్యాహ్నం మూడింటికి అది దాదాపు ఉండదు. అప్పుడు ఉన్న బైకార్బొనేట్ మీదే పడి కాల్షియం కార్బొనేట్‌గా అడుగుకు దిగిపోతుంది. అంటే పెంచుదామనుకున్న ఆల్కలినిటీ తగ్గుతుంది, పీహెచ్ పైకి పోతుంది. బోరు నీళ్లు కాచిన గిన్నె అడుగున తెల్లటి పెచ్చు కట్టేదీ ఇలాగే. వేడికి కార్బన్ డయాక్సైడ్ వెళ్లిపోతే కరిగి ఉన్న కాల్షియం బైకార్బొనేట్ కార్బొనేట్‌గా గడ్డకడుతుంది. రొయ్య ఉన్న చెరువులో కాల్చిన సున్నం వాడకపోవడమే నా సలహా. దాని చోటు పంట తీశాక అడుగు మట్టికి.

ఇప్పుడు చేయాల్సింది. రెండు రోజులు మేత సగానికి తగ్గించి మధ్యాహ్నం పూట మేత పూర్తిగా ఆపండి. 60 కిలోల మేతలో 35 శాతం ప్రొటీన్ అనుకుంటే అందులో సుమారు 3.4 కిలోల నత్రజని ఉంటుంది. నాలుగో వంతు అటూ ఇటూగా రొయ్య ఒంటికి పడుతుంది, మిగతాది నీళ్లలోకే. నాచు, బాక్టీరియా ఏమీ తినకపోతే రోజుకు అర పీపీఎం చొప్పున పెరగాలి. మేత తగ్గించడం కంటే చవకైన మందు లేదు. ఏరేటర్లు మధ్యాహ్నం కూడా నడపండి. పగలు నాచు కార్బన్ డయాక్సైడ్‌ను లాగేస్తుంది కాబట్టి గాలి నుంచి కొంత లోపలికి వస్తుంది. ఫలితం కొద్దిగానే, కానీ పై నీళ్లూ అడుగు నీళ్లూ కలవడానికి పనికొస్తుంది. శుద్ధి చేసిన నిల్వ నీళ్లుంటే, క్లోరిన్ పూర్తిగా పోయిందని కిట్‌తో చూసుకున్నాకే పదో వంతు మార్చండి. వానలు తగ్గకుండా గోస్తనీ మొగ నీళ్లు నేరుగా పెట్టకండి.

ఆల్కలినిటీ పెంచడానికి వంట సోడా, అంటే సోడియం బైకార్బొనేట్, మీకు ఇప్పుడు సరైనది. దాని ద్రావణమే 8.3 దగ్గర నిలబడుతుంది కాబట్టి పీహెచ్‌ను పైకి తోయదు. మీ ఎకరంలో సుమారు 49 లక్షల లీటర్లు ఉంటాయి. ఆల్కలినిటీ 10 పీపీఎం పెరగాలంటే 82 కిలోలు కావాలి. రాత్రి పదింటికి డ్రమ్ముల్లో కరిగించి ఏరేటర్ల ముందు పోయండి. రోజు విడిచి రోజు మూడు సార్లు వేస్తే 100కి చేరుతుంది. కొనేటప్పుడు సంచి మీద బైకార్బొనేట్ అని ఉందా చూడండి. బట్టల సోడా కార్బొనేట్, అది మళ్లీ మొన్నటి సున్నం పనే చేస్తుంది. ఖర్చు ఎక్కువనిపిస్తే సోడా వేయని రాత్రుల్లో 50 కిలోల డోలమైట్ వేయండి. 8.3 పైన అది సరిగ్గా కరగదు. అందుకే పగలు వేస్తే తెల్లగా అడుగున పడి ఉంటుంది, రాత్రి కార్బన్ డయాక్సైడ్ చేరాక కరుగుతుంది.

పొద్దున ఎనిమిదింటికి ఎకరానికి 15 కిలోల బెల్లం మూడు రోజులు వేయండి. దాన్ని తిన్న బాక్టీరియా కార్బన్ డయాక్సైడ్ వదిలి మధ్యాహ్నపు పీహెచ్‌ను కొంత ఆపుతుంది. బెల్లంతో అమ్మోనియా మాయమవుతుందని మాత్రం ఆశపడకండి. ఒక వంతు నత్రజనిని బాక్టీరియా ఒంట్లోకి కట్టాలంటే 20 వంతుల పిండిపదార్థం కావాలి. 15 కిలోల బెల్లం మీ చెరువులో సుమారు 0.14 పీపీఎం దించుతుంది, అంతే. బాక్టీరియాకు ప్రాణవాయువు కావాలి కాబట్టి నీళ్లలో కరిగిన ప్రాణవాయువు (డీవో) 4 పీపీఎం కంటే కిందకు వస్తే ఆపేయండి. పులిసిన బెల్లం నీళ్లనూ సోడానూ ఒకే డ్రమ్ములో కలపొద్దు. బుస్సున నురగ వస్తుంది. ఆమ్లం, క్షారం అక్కడే తేలిపోయి, మీరు డబ్బు పెట్టి కొన్న బైకార్బొనేట్ గాల్లోకి పోతుంది.

పటిక, ఆసిడ్ వేసి పీహెచ్ దించమని ఎవరైనా చెబితే వినకండి. పటిక వేసిన ప్రతి పీపీఎంకూ ఆల్కలినిటీ అర పీపీఎం దాకా తినేస్తుంది. రెండు రోజుల తర్వాత పీహెచ్ ఊగులాట ఇంకా పెద్దదవుతుంది. పైగా వాన తర్వాత అడుగున నల్లమట్టి ఉంటే హైడ్రోజన్ సల్ఫైడ్ పొంచి ఉంటుంది. దాని సమతాస్థితి అమ్మోనియాకు తిరగేసి నడుస్తుంది. పీహెచ్ 8 దగ్గర పదో వంతు విషపు రూపం, 7 దగ్గర సగం. పీహెచ్‌ను ఎంత దించితే అంత మంచిదని అనుకోవడానికి వీల్లేదు. మీకు 7.8 నుంచి 8.3 చాలు.

కొలతల గురించి ఒక మాట. పొద్దున ఆరింటికీ మధ్యాహ్నం మూడింటికీ, ఒకే చోట, అడుగుకు జానెడు పైన నీళ్లు తీయండి. మీటర్‌ను వారానికోసారి 7, 9.2 బఫర్ ద్రావణాలతో సరిచూడండి. అమ్మోనియా కిట్ పసుపు రంగు చూపే రకమైతే ఉప్పు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం వల్ల మసకబారి తప్పు చూపవచ్చు. ఆకుపచ్చ రంగు చూపే సాలిసిలేట్ రకం తీసుకోండి. నీళ్ల తేటదనం చూడటానికి ముంచే సెక్కీ పళ్లెం 30 సెంటీమీటర్లలోపే కనబడకుండా పోతే బ్లూమ్ మితిమీరింది. సోడా ఎంత పోసినా ఆ పీహెచ్ పూర్తిగా ఆగదు, మేత తగ్గింపూ నీటి మార్పూ కొనసాగించాలి.

జియోలైట్ ఏం చేస్తుందంటే తనలోని సోడియాన్ని ఇచ్చి అమ్మోనియంను పట్టుకుంటుంది. ఇదీ ద్విగత చర్యే. మంచినీళ్లలో సోడియం తక్కువ కాబట్టి పని చేస్తుంది. మీ 8 పీపీటీలో లీటరుకు రెండు గ్రాములకు పైగా సోడియం ఉంది, అమ్మోనియం గ్రాములో వెయ్యో వంతు. అంత సోడియం ఎదురుగా ఉంటే చర్య వెనక్కే నడుస్తుంది. వాడేసిన జియోలైట్‌ను శుభ్రం చేయడానికి ఉప్పునీళ్లలో నానబెట్టేది ఇందుకే. మూటలు విప్పకపోతే కొట్టులో తిరిగి ఇచ్చేయండి.