గౌను వెనక ట్రెయిన్ ఎంత పొడుగుండాలె?

నల్లగొండ నుంచి ఈ మధ్యనే డాలస్ వచ్చిన ఒక చెల్లె అడిగింది: "అక్కా, చర్చిల పెండ్లి. గౌను చూడటానికి పోతే ట్రెయిన్ ఏ రకం కావాలె అంటున్నరు. మన దగ్గర తెల్లచీర, తల మీద ముసుగుతోనే అయిపోతది గదా, నాకేం తెలుసు?"

ట్రెయిన్ అంటే గౌను వెనక నేల మీద పరుచుకునే భాగం చెల్లె. నేలను తాకీ తాకనట్టుండేది స్వీప్. అంతకంటే కొంచెం పెద్దది కోర్ట్. ఎక్కువమంది తీసుకునేది చాపెల్, నాలుగైదు అడుగులుంటది. కేథడ్రల్ ఆరు నుంచి ఎనిమిది అడుగులు. అదీ దాటితే రాయల్. భుజాల నుంచి మన పైట కొంగులెక్క జారేదాన్ని వాట్టో అంటరు. కొన్ని షాపుల్ల నడుము నుంచి కొలుస్తరు, కొన్నిట్ల నేల మీద పడ్డదే కొలుస్తరు. పేరు చూసి ఖాయం చేసుకోకు, నీ ముందే టేపు పెట్టి కొలవమను.

ఫొటోలు చూసి పొడుగుకు ఆశపడొద్దు. 1981ల బ్రిటన్ యువరాణి డయానా పెండ్లి గౌను ట్రెయిన్ 25 అడుగులు. బగ్గీల కుక్కుకొని కూసునేసరికి ఆ పట్టుగుడ్డంతా ముడతలు పడ్డది, దిగినప్పుడు లోకమంతా చూసింది. నువ్వు దిగేది కారుల నుంచి. చర్చి చిన్నదైతే, నడిమి దారి ఇరుకైతే చాపెల్ చాలు. పచ్చిక మీద పెండ్లైతే ఇంకా పొట్టిది తీస్కో, నెట్ గుడ్డకు పుల్లలన్నీ చిక్కుకుంటయి.

మనోళ్లు మరిచిపోయేది బసల్. చర్చి అయినంక ట్రెయిన్‌ను పైకెత్తి కట్టే ఏర్పాటు అది. అమెరికన్ బసల్‌ల గౌను పైనే గుండీలకో కొక్కేలకో తగిలిస్తరు. ఫ్రెంచ్ బసల్‌ల లోపలి రిబ్బన్లు జతజతగా ముడేస్తరు, గుడ్డ కిందికి మడతపడి ఒద్దికగా ఉంటది. చాలా చోట్ల గౌను ధరల ఇది కలవదు, ఆల్టరేషన్‌కు వేరే తీసుకుంటరు. ముందే అడుగు. చివరి ఫిట్టింగుకు మీ వదిననో, తోడుపెండ్లికూతురినో వెంట తీస్కపో. ముడులు ఆమె చేతనే కట్టించు, ఫోన్ల వీడియో తీయించు. పెండ్లినాడు గౌను కింద కూసొని ముడులు వెతికేది ఆమెనే గదా.

చర్చి నుంచి రాంగనే గద్వాల చీర కట్టుకునేదుంటే బసల్‌కు పైసలెందుకు? విడదీసే ట్రెయిన్ తీస్కో. ఫొటోలప్పుడు తగిలించుకొని తర్వాత తీసేయొచ్చు. మీ అమ్మకు చీర లేకుండ పెండ్లేందన్న బాధుంటది, ఆ కోరిక తీర్చు. నాకైతే ఇదే అన్నిటికంటే మంచిగనిపిస్తది.

పెండ్లికి వేసుకునే చెప్పులే వేసుకొని ఫిట్టింగుకు పో, మడమ ఎత్తును బట్టే అంచు కోస్తరు. అంచుకు లేస్ ఉంటే దాన్ని విప్పి మళ్ల కుట్టాలె, ఖర్చు పెరుగుతది. గౌను ఆర్డరిస్తే వచ్చేసరికి నెలలు పడ్తయి, ఆ తర్వాత ఆల్టరేషన్‌కు ఇంకో రెండు నెలలు పెట్టుకో. చర్చిల మీరు ఫాదర్ దిక్కు తిరిగి నిలబడ్తరు, చుట్టాలకు కనిపించేది గౌను వెనకభాగమే. ట్రయల్ రూముల ముందే కాదు, వెనక కూడా అద్దంల చూస్కో. మెట్లెక్కినంక ట్రెయిన్ సరిచేసే పని ఎవరిదో ముందురోజు రిహార్సల్‌లనే చెప్పి పెట్టు.