కొండ మీద దారి, కొండ కింద బళ్ళు

అమ్మలుకి మావయ్య ఆశీస్సులు.

కొండవాలు పార్కుకి నడకదారులు, పార్కింగు ప్లాను నీ చేతికి వచ్చాయని, నెల్లో ఎస్టిమేట్ పెట్టమంటున్నారని ఫోన్లో చెప్పావు. ఎక్కడ మొదలుపెట్టాలని అడిగావు. ఇలాంటివి మాటల్లో చెబితే సగం మరిచిపోతాం. అందుకే రాస్తున్నాను.

ముందు నేను చేసిన తప్పు చెబుతాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక కొండ పార్కుకి దారి వేయించాను. కింద గేటు నుంచి పైన వ్యూపాయింటు దాకా తాడు పట్టి గీసినట్టు తిన్నగా వేశాం. పొడవు తక్కువ, ఖర్చు తక్కువ అని అందరూ మెచ్చుకున్నారు. ఆ అక్టోబరు వానలకి దారి కాస్తా వాగైపోయింది. పోసిన గ్రావెల్ అంతా గేటు ముందు మేట వేసింది. గుంతలు తప్పించుకోవడానికి జనం పక్క గడ్డి మీదుగా నడిచారు, ఆ గడ్డీ పోయింది. మీటరున్నర వెడల్పున వేసిన దారి రెండేళ్ళు తిరిగేసరికి నాలుగైదు మీటర్ల వెడల్పున కోసుకుపోయింది. మన విశాఖ కొండల రాయి ఖొండలైటు. ఎండకీ వానకీ చివికి ఎర్రమట్టి అవుతుంది. పైనున్న గడ్డి, తుప్పలు పోయాయంటే ఆ మట్టిని ఆపేది ఏదీ ఉండదు.

కాబట్టి దారి గీసే ముందు ఒక్కసారి గట్టి వానలో కొండ ఎక్కు. నీళ్ళు ఎక్కడ పుట్టి ఎటు పోతున్నాయో చూడు. తొట్లకొండ మీద బౌద్ధ భిక్షువులు రాతిలో తొట్లు తొలిచి వాననీళ్ళు పట్టుకున్నారు. ఆ కొండకి పేరే ఆ తొట్ల వల్ల వచ్చింది. కొండ మీద ఏ పని చెయ్యాలన్నా ముందు నీటి సంగతి తేల్చుకోవాలని వాళ్ళకి తెలుసు.

దారి కొండని చుట్టుకుంటూ పోవాలి. కొండ పదడుగులకి రెండడుగులు లేస్తుంటే, నీ దారి పదడుగులకి ఒక్క అడుగు మించి లేవకూడదు. దారి వాలు కొండవాలులో సగం దాటిందంటే నీళ్ళు దారిని అడ్డంగా దాటిపోవు, దారి వెంటే పరుగెడతాయి. దారి వెడల్పులో బయటి అంచు మీటరుకి 5 సెంటీమీటర్లు కిందికి వాలి ఉండాలి. పదిహేను ఇరవై మీటర్లకోసారి దారిని కాస్త దింపి మళ్ళీ ఎత్తు. వచ్చిన నీళ్ళు ఆ పల్లంలోంచి పక్కకి జారిపోతాయి. దీనికి పెద్ద పరికరాలు అక్కర్లేదు. తాపీమేస్త్రి దగ్గర లెవెల్ ట్యూబు, అంటే మట్టం చూసే నీళ్ళ గొట్టం ఉంటుంది. ఒక కొస నువ్వు పట్టుకో, ఇంకో కొస కుర్రాడికివ్వు, నీటిమట్టం చూసుకుంటూ సున్నంతో గుర్తులు పెట్టుకుంటూ పో. ఒక పూటలో రెండు మూడొందల మీటర్లు గుర్తుపెట్టవచ్చు. ఆఫీసులో మ్యాపు మీద గీసిన గీతకంటే ఆ సున్నం గుర్తులే నమ్మకం.

అక్కడ ఇప్పటికే కాలిబాటలు ఉంటాయి. మేకల వాళ్ళు, కట్టెల కోసం వెళ్ళేవాళ్ళు, పొద్దున్నే నడిచేవాళ్ళు వేసుకున్నవి. వాటిని ఆక్రమణల్లా చూడకు. జనానికి ఎటు వెళ్ళాలని ఉందో అవే చెబుతాయి. వాలు బాగున్నవి ఉంచు, నిట్టనిలువుగా ఉన్నవి మూసెయ్యి. మూసెయ్యడమంటే బోర్డు పెట్టడం కాదు, రెండు పెద్ద బండలు, నాలుగు ముళ్ళతుప్పలు వెయ్యాలి. మలుపు దగ్గర పై దారి కింద దారికి కనిపించిందంటే కుర్రాళ్ళు అడ్డంగా దూకేస్తారు, కనిపించకుండా మధ్యలో తుప్పలు వదిలెయ్యి. పేవర్ టైల్స్ గేటు దగ్గర చాలు. ఎస్టిమేట్ పెంచడానికి కొండంతా పరచమంటారు, ఒప్పుకోకు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి మట్టిదారే హాయి.

ఇక పార్కింగు. నా అనుభవంలో అందరూ దీన్ని చివర్లో మిగిలిన జాగాలో పెడతారు. అది ముందు తేల్చుకోవలసిన విషయం. చెరువుకి తూము ఎలాంటిదో పార్కుకి పార్కింగు అలాంటిది. ఎంత తెరిస్తే అంత జనం. ఈ కొండ ఒక సాయంత్రం ఎంతమందిని మోయగలదో ముందు నిర్ణయించుకో, దాన్నిబట్టి బళ్ళకి చోటివ్వు. వంద కార్లకి స్థలం చదును చేసి, ఆ తర్వాత జనం ఎక్కువైపోయారని బాధపడితే లాభం లేదు.

లెక్క చూడు. కారు నిలబడే చోటు రెండున్నర మీటర్లకి అయిదు, అంటే పన్నెండున్నర చదరపు మీటర్లు. తిరిగే దారితో కలిపి 23 వేసుకుంటారు. యాభై కార్లకి 1,150 చదరపు మీటర్లు, అంటే ఇరవై ఎనిమిది సెంట్ల పైమాట. కారుకి ముగ్గురు చొప్పున నూటయాభై మంది. అదే జాగాలో మధ్య దారితో కలిపి బైకుకి నాలుగు చదరపు మీటర్లిచ్చినా 280 బైకులు పడతాయి, ఇద్దరి చొప్పున 560 మంది. సిటీ బస్సు దిగి వచ్చేవాళ్ళకైతే అసలు జాగాయే అక్కర్లేదు. అందుకని గేటుకి దగ్గరి స్థలం బస్టాపుకి, ఆటోలకి, అంబులెన్సుకి, చక్రాల కుర్చీ వాళ్ళకి ఇవ్వు. ఆ తర్వాత బైకులు. కార్లు దూరంగా ఉండనీ. కారులో వచ్చినవాళ్ళు రెండొందల అడుగులు నడిస్తే నష్టం లేదు, వచ్చిందే నడవడానికి కదా. దివ్యాంగుల కారు చోటు మాత్రం 3.6 మీటర్ల వెడల్పుండాలి, గేటుకి 30 మీటర్ల లోపే ఉండాలి. ర్యాంపు పన్నెండడుగులకి ఒక్క అడుగు లేవాలి, అంతకంటే నిటారు వద్దు. ఇందులో ఎవరు బతిమాలినా తగ్గకు, చట్టం కూడా నీ వైపే ఉంది.

పైదాకా కారు వెళ్ళే రోడ్డు వేయమని తప్పకుండా అడుగుతారు. వద్దని చెప్పు. ఆ రోడ్డు కోసం కొండని తొలిచాక మిగిలేది పార్కు కాదు. భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలు చూశావుగా. గాలి, నీరు వేల ఏళ్ళు కూర్చుని చేసిన ఆ దిబ్బల మీద ఒక్క బండి ఎక్కితే ఆ చక్రాల చాళ్ళలోంచి మరుసటి వానకి కొత్త గండి పడుతుంది. అలాంటి చోట బళ్ళు రోడ్డు మీదే ఆగాలి.

లెక్కపెట్టడానికి ఒక్క ఆదివారం చాలదు. మామూలు రోజు పొద్దున్న అయిదున్నరకి, సాయంత్రం అయిదుకి, మళ్ళీ ఆదివారం వెళ్ళు. అరగంటకోసారి బళ్ళ నంబర్లలో చివరి నాలుగంకెలు రాసుకుంటే ఎవరు ఎంతసేపు ఉంటున్నారో తెలుస్తుంది. కార్తీక మాసంలో వనభోజనాల ఆదివారాలకి తగ్గట్టు పార్కింగు కట్టకు, మిగిలిన పదకొండు నెలలూ ఖాళీగా ఎండుతుంది. ఆ నాలుగైదు రోజులకి దగ్గరి స్కూలు గ్రౌండు అడుగు, అక్కణ్ణుంచి సిటీ బస్సులు తిప్పించు. సింహాచలం గిరిప్రదక్షిణ రోజున చూడు, కొండ చుట్టూ ముప్ఫై రెండు కిలోమీటర్లూ లక్షల జనం కాలినడకనే వెళతారు. ఆ ఒక్క రోజు కోసం ఎవరూ శాశ్వతంగా పార్కింగులు కట్టలేదు, ట్రాఫిక్ మళ్ళిస్తారు, అంతే.

మురీ మిక్చర్ వాళ్ళకి, టీ బండికి గేటు పక్కన గీత గీసి చోటివ్వు. ఇవ్వకపోతే బైకుల జాగాలోకే వస్తారు, అప్పుడు తరమాల్సి వస్తుంది. పొద్దున్నుంచీ నిలబడే మనుషులు వాళ్ళు, వాళ్ళని తరిమే పని నీకు రాకూడదు.

నేల గ్రావెల్‌తోనే ఉంచు, సిమెంటు పోయించకు, నీళ్ళు ఇంకాలి. కార్ల మధ్య వేప, కానుగ నాటు. హుద్‌హుద్ తుపానుకి 2014లో నగరం నీడంతా ఒక్క రోజులో పోవడం నేను కళ్ళారా చూశాను. అప్పుడు ఆత్రంగా నాటిన మొక్కల్లో కంచె కట్టి నీళ్ళు పోసినవే బతికాయి. మొదటి మూడేళ్ళ నీళ్ళ ఖర్చు ఎస్టిమేట్‌లోనే రాయి, తర్వాత ఎవరూ ఇవ్వరు.

ఈ ఆదివారం అయిదింటికల్లా గేటు దగ్గర ఉంటాను. ట్యూబు నేను తెస్తాను. నువ్వు బస్తా సున్నం, ఎవరైనా ఒక కుర్రాణ్ణి తీసుకురా. వాన పడుతున్నా సరే, రా.

మావయ్య