వంద వాట్ల ఆంప్ కొనకముందు

తిరుపతి

చిరంజీవి అల్లుడికి మామ ఆశీస్సులు.

నువ్వు పంపిన రికార్డింగ్ మూడుసార్లు విన్నాను. చెయ్యి బాగా తిరిగిందిరా. ఐతే ఆరు తీగలూ కలిపి మీటినప్పుడు ఏ తీగకా తీగ వినిపించడంలేదు, అంతా కలిసి ముద్దైపోతోంది. నీకేమో 1960లు, 70ల నాటి రాక్ సౌండ్ కావాలి. దానికోసం 100 వాట్ల వాల్వు హెడ్డూ (పాత రేడియోల్లో ఉండే గాజు వాల్వులతో నడిచే, స్పీకరు విడిగా ఉండే ఆంప్లిఫయర్), జాస్తి ఔట్‌పుట్ ఇచ్చే పికప్పులూ (తీగల కదలికని కరెంటు సిగ్నల్‌గా మార్చేవి) కొంటానంటున్నావు. రెండూ వద్దు. ముందు ఆంప్ మీది ఆ గెయిన్ నాబ్, అంటే ముందు వాల్వుల్లో సిగ్నల్‌ని పెంచేది, సగానికి దించు.

ఎందుకు దించమంటున్నానో చెప్తా, విను. 1962లో లండన్‌లో జిమ్ మార్షల్ షాపువాళ్ళు తమ మొదటి ఆంప్, జేటీఎం45, తయారుచేసినప్పుడు ముందు పెట్టుకున్న నమూనా ఫెండర్ బాస్‌మన్. బేస్ గిటారు కోసం చేసిన అమెరికా ఆంప్ అది. ఈ రెండింటిలోనూ ఇప్పటి మాదిరి మాస్టర్ వాల్యూమ్, అంటే చివరికి వచ్చే మోతని విడిగా తగ్గించే నాబ్, లేదు. సౌండ్ రవంత చిట్లాలంటే, అంటే గరుకుగా పలకాలంటే, మొత్తం ఆంప్‌నే పైకి తిప్పాలి. అప్పుడు ముందుండే చిన్న ఈసీసీ83 వాల్వులే కాదు, వెనకున్న పెద్ద పవర్ వాల్వులూ, ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరూ, స్పీకరు కాగితమూ, అన్నీ కష్టపడతాయి. నీ చెవిలో ఇన్నాళ్ళుగా మోగుతున్నది ఆ కష్టమే. నువ్వేమో మాస్టర్ దించి గెయిన్ పదికి పెట్టావు. అప్పుడు చిన్న వాల్వులు మాత్రమే గీపెడతాయి, మిగతా ఆంప్ నిద్రపోతుంటుంది. గంగమ్మ జాతరలో డప్పులవాళ్ళు మంట దగ్గర చర్మం కాచుకోకుండా దెబ్బ వెయ్యరు, చూశావు కదా? కాగని డప్పు ఎంత గట్టిగా కొట్టినా మొద్దుగానే పలుకుతుంది. పవర్ వాల్వులదీ అదే కథ.

ఇక వాట్ల సంగతి. 10 వాట్లకూ 100 వాట్లకూ తేడా 10 డెసిబెల్సే. చెవికి ఇంచుమించు రెండింతలు అనిపిస్తుందంతే, పదింతలు కాదు. 100 నుంచి 50కి దిగితే పోయేది 3 డెసిబెల్స్. చిత్తూరులో నీ అద్దె గదిలో 100 వాట్ల హెడ్డుని ఒకటిన్నర మీద ఎప్పటికీ తిప్పలేవు. అంత డబ్బు పోసి కొన్న వాల్వులు ఒక్కరోజు కూడా కాగవు. ఒకే ఒక పవర్ వాల్వు, ఈఎల్84గానీ 6వీ6గానీ, ఉండే 5 వాట్ల ఆంప్ చూసుకో. చిన్నదనుకోకు, పూర్తిగా తిప్పితే కింద ఇంటివాళ్ళు పైకి వచ్చేస్తారు. ఆంప్‌కీ స్పీకరుకీ మధ్య పెట్టి మోత తగ్గించే అటెన్యుయేటర్ అని ఒకటుంది, అది కూడా కొనుక్కుంటే రాత్రిళ్ళకు పనికొస్తుంది. నీ ఆంప్, స్పీకరు ఓమ్‌లకు సరిపోయేదే తీసుకో. స్పీకరు తగిలించకుండా మాత్రం వాల్వు ఆంప్ ఎన్నడూ ఆన్ చెయ్యొద్దు, ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవచ్చు.

పికప్పుల దగ్గర నువ్వు పూర్తిగా ఎదురుదారిలో పోతున్నావు. సేథ్ లవర్ రూపొందించిన గిబ్సన్ కంపెనీ హమ్‌బకర్‌ని (హమ్మనే రొద తగ్గించే జంట చుట్ల పికప్) 1957లో లెస్ పాల్ గిటార్లకు బిగించారు. జనం ఇప్పటికీ వెతుక్కునే పికప్ అదే. మల్టీమీటర్ పెడితే చాలావరకు 7 నుంచి 9 కిలో ఓమ్‌ల మధ్య చూపిస్తుంది. నువ్వు కొంటానన్న రకం 15 దాటుతుంది. ఓమ్‌లే సర్వస్వం కాదు, లోపలి అయస్కాంతం కూడా లెక్కలోకి వస్తుంది. కానీ పికప్ లోపలి సన్న తీగ చుట్లు పెరిగేకొద్దీ పైస్వరాల మెరుపు తగ్గుతుంది, ఆంప్ ముందు వాల్వుకి ఊపిరాడదు. కొత్త పికప్ కొనకముందు ఉన్నదాన్నే స్క్రూడ్రైవర్‌తో కిందికి దించి చూడు. తీగని చివరి మెట్టు దగ్గర నొక్కిపెట్టి, తీగకీ పికప్‌కీ మధ్య 2.5 మిల్లీమీటర్లు ఉంచి మొదలుపెట్టు. పైసా ఖర్చులేని పని. నాకు తెలిసి సగం గిటార్ల జబ్బు దీంతోనే కుదురుతుంది.

తర్వాత ఇలా చెయ్యి. గిటారు వాల్యూమ్ పదిలో పెట్టి, గట్టిగా మీటినప్పుడు మాత్రమే చిట్లేంత వరకు ఆంప్‌ని పెంచు. మెల్లగా మీటితే శుభ్రంగా పలకాలి. ఇక ఆంప్ ముట్టుకోవద్దు. గిటారు వాల్యూమ్ ఆరుకి దించితే అది నీ క్లీన్, ఎనిమిదిలో రిఫ్ (మళ్ళీ మళ్ళీ వాయించే చిన్న వరస), పదిలో సోలో. కాలితో నొక్కే పెడల్స్ వరస జోలికి పోకుండా ఈ ఒక్క నాబ్ మీద వేలు ఆడటం నేర్చుకోవడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది, నీకు ఒక నెల చాలు. పెడల్ కావాలంటే సౌండ్‌ని చిట్లించే ఓవర్‌డ్రైవ్ ఒకటి పెట్టుకో. డ్రైవ్ దాదాపు సున్నాలో, లెవల్ పైన, అంతే.

ఆంప్ టోన్ నాబ్‌లలో మిడిల్‌ని (నడిమి స్వరాల నాబ్) చంపొద్దు. బేస్ మూడు, మిడిల్ ఏడు, ట్రెబుల్ ఐదుతో మొదలుపెట్టి చెవితో సరిచేసుకో. ఒంటరిగా వింటే ఈ సౌండ్ పల్చగా, రవంత ముక్కుతో పలికినట్టు ఉంటుంది. భయపడి బేస్ పెంచేస్తావు, నాకు తెలుసు, నేనూ పెంచాను. పాత రికార్డుల్లో ఆ బరువంతా బేస్ గిటారూ, కిక్ డ్రమ్మూ మోస్తున్నాయి. నీ గిటారు వాటి మీద నిలబడాలి, వాటి చోటు ఆక్రమించకూడదు.

ఒక్కటి మాత్రం మాట దాటొద్దు: ఎర్తింగ్. గిటారు తీగలు కేబుల్ ద్వారా ఆంప్ చాసిస్‌కి, అంటే లోపలి లోహపు చట్రానికి, తగులుకొని ఉంటాయి. నాకు ఇరవై ఏళ్ళప్పుడు ఒక పెళ్ళి పందిట్లో, ఎర్త్ లేని జనరేటర్ మీద వాయిస్తూ మైకుకి నోరు ఆనించాను. పెదవి మీద నిప్పు రవ్వ పడినట్టయింది, కళ్ళు తిరిగి స్టేజీ మీదే కూలబడ్డాను. నీది పాత ఇల్లు. మూడు రంధ్రాల ప్లగ్ ఉన్నంత మాత్రాన వెనకాల ఎర్త్ వైరు ఉందనుకోవద్దు, ఎలక్ట్రీషియన్ చేత పరీక్ష చేయించు. అమెరికా సెకండ్‌హ్యాండ్ ఆంప్ దొరికితే అది 120 వోల్టులది, స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా మన 230లో పెట్టావో, పోయినట్టే. ఆంప్ విప్పాలని చెయ్యి దురద పెట్టినా విప్పొద్దు. ప్లగ్ తీసేశాక కూడా లోపలి కెపాసిటర్లలో 400 వోల్టుల దాకా నిలిచి ఉండవచ్చు. ఆ రోజుల్లో బెంగళూరు బీఈఎల్ వాల్వులు వేసి రేడియోలు బాగుచేసినవాణ్ణి. ఆ పని నాకు వదిలెయ్యి.

ఆదివారం వచ్చేటప్పుడు గిటారుతో పాటు నువ్వు వాడే ఆ పొడుగు కేబుల్ కూడా తీసుకురా. అంత పొడుగుంటే అదొక్కటే చాలు ట్రెబుల్‌ని తినెయ్యడానికి. నా దగ్గరున్న పది అడుగుల కేబుల్‌తో పోల్చి చూద్దాం. అత్తయ్య నీకోసం రాగిసంగటి చేస్తానంటోంది, పొద్దున్నే బయల్దేరు.

మీ మామ