2147483647 ప్రధాన సంఖ్యే, మరి ప్రోగ్రామ్ కాదని ఎందుకంటోంది?

మీరు అడిగినవి రెండు: జావాలో రాసిన లూప్ చాలాసేపు తిరిగి చివరికి 2147483647 ప్రధాన సంఖ్య కాదని ఎందుకు చెబుతోంది? కంప్యూటర్ లేకుండా ఇది తేల్చడం కుదురుతుందా?

తప్పు ఉన్నది లూప్ షరతులో. మీరు ఐ×ఐ ≤ సంఖ్య అని రాశారు (ఐ అంటే సంఖ్యను వరసగా భాగించి చూసే విలువ), రెండూ ఇంట్, అంటే జావాలో 32 బిట్ల పూర్ణాంక రకం. ఈ సంఖ్య 2^31 − 1, ఇంట్‌లో పట్టే అతి పెద్ద విలువ ఇదే. దీని వర్గమూలం 46340కి కాస్త పైన, కాబట్టి లూప్ అక్కడితో ఆగాలి. కానీ 46341 వర్గం 2147488281. అది ఇంట్‌లో పట్టక −2147479015 అయిపోతుంది. అసలు ఏ ఇంట్ విలువా ఈ సంఖ్యను మించలేదు కదా, అందుకే ఆ షరతు ఎప్పటికీ తప్పు కాదు. ఐ పెరుగుతూ పోయి 2147483647నే చేరుతుంది, శేషం సున్నా వస్తుంది, "ప్రధాన సంఖ్య కాదు" అని లూప్ బయటపడుతుంది. షరతును ఐ ≤ సంఖ్య÷ఐ అని మార్చండి. లాంగ్ (64 బిట్ల పూర్ణాంక రకం) వాడినా సరే, కానీ గుణించక ముందే మార్చాలి. గుణించాక మారిస్తే చెడిన విలువే లాంగ్‌లోకి వెళ్తుంది.

ఇక చేత్తో తేల్చడం. గణిత శాస్త్రవేత్త ఆయిలర్ 1772లోనే ఇది ప్రధాన సంఖ్య అని చెప్పాడు. 46340 లోపు ప్రధాన సంఖ్యలు 4792 ఉన్నాయి, అన్నిటితో భాగించనక్కర్లేదు. దీనికి క అనే ప్రధాన కారణాంకం ఉందనుకోండి. అప్పుడు 2^31ని కతో భాగిస్తే శేషం 1. 31 ప్రధాన సంఖ్య కాబట్టి క−1ని 31 భాగించి తీరాలి. క బేసి కాబట్టి 62 కూడా భాగిస్తుంది. ఇంకొకటి: 2^32ని కతో భాగిస్తే శేషం 2, అంటే 2^16 వర్గానికి శేషం 2. అలా జరగాలంటే కని 8తో భాగించినప్పుడు 1 గానీ 7 గానీ మిగలాలి. రెండూ కలిపితే కని 248తో భాగించినప్పుడు శేషం 1 లేదా 63 మాత్రమే. 1ని, 63ను వదిలేస్తే 46340 లోపు అలాంటివి 372. వాటిలోనూ 249 = 3×83 లాంటివి కొట్టేయొచ్చు. నిజంగా భాగించి చూడాల్సిన మొదటి సంఖ్య 311. ఇంత పెద్ద పని ఇంత చిన్నదైపోవడం నాకు ఇప్పటికీ అద్భుతంగానే ఉంటుంది.

ఇంతకన్నా పెద్ద మెర్సెన్ సంఖ్యలకు (2 ఘాతంలోంచి 1 తీసేస్తే వచ్చేవి, 2^31 − 1 లాంటివి) లూకాస్–లెమర్ పరీక్షే దారి. 4తో మొదలుపెట్టి, ప్రతిసారీ వర్గం చేసి 2 తీసేసి, సంఖ్యతో భాగించి శేషం ఉంచుకోవాలి. 127 = 2^7 − 1కి: 4, 14, 67, 42, 111, 0. ఘాతంలోంచి 2 తీసేసినన్ని మెట్లు, ఇక్కడ 5; చివర సున్నా వస్తే ప్రధాన సంఖ్య. 2^31 − 1కి 29 మెట్లు. మెట్లు లెక్కపెట్టడంలోనే ఎక్కువమంది తప్పుతారు: మొదటి 4ను మెట్టుగా లెక్కించకూడదు.

ఆధారం 2తో ఫెర్మా పరీక్ష (2^(సంఖ్య−1)ని ఆ సంఖ్యతో భాగిస్తే శేషం 1 వస్తుందా అని చూడడం) మాత్రం ఇక్కడ వాడకండి. ఘాతం ప్రధాన సంఖ్య అయితే చాలు, మెర్సెన్ సంఖ్య ఏదైనా అందులో నెగ్గుతుంది. 2^11 − 1 = 2047 = 23×89 కూడా నెగ్గేస్తుంది. 32 బిట్ల సంఖ్యలకు, ఫెర్మా పరీక్షకే గట్టి రూపమైన మిల్లర్–రాబిన్ పరీక్షను 2, 7, 61 ఆధారాలతో చేస్తే తప్పు రాదు.