మేకపిల్లల మూతిపై ఉన్నది గజ్జి కాదు. ముందు కుక్క సంగతి చూడండి

ప్రశ్న: మా ఊరి చివర రెండెకరాల్లో చిన్న సేవా సంస్థ నడుపుతున్నాను. ఇంట్లో కొట్లాటలు చూసి బెదిరినవారు, బడి మానేసినవారు, ఎవరితోనూ మాట్లాడనివారు, ఇలా 14 మంది చిన్నారులు శని, ఆదివారాల్లో వస్తారు. మేకపిల్లలకు సీసాతో పాలు పట్టడం, మేత వేయడం, కుక్కను తిప్పడం వారి పని. నెల క్రితం సంతలో కొన్న ఆరు మేకపిల్లలకు పెదాల చుట్టూ గజ్జి వచ్చింది. మందుల దుకాణంలో ఫోటో చూపిస్తే ఐవర్‌మెక్టిన్ ఇంజెక్షన్, ఒక ఆయింట్‌మెంట్ ఇచ్చారు. వారానికోసారి తలా 1 మి.లీ. చొప్పున మూడుసార్లు వేశాం. ముందుజాగ్రత్తగా పాలిచ్చే మేకలకూ వేశాం. తగ్గలేదు. ఒక అబ్బాయి వేలిపై పుండు లేస్తే అదే ఆయింట్‌మెంట్ రాస్తున్నాం. నాలుగో డోసు వేయాలా? మా కుక్కకు కూడా గజ్జి అంటుతుందా? అది వీధి నుంచి తెచ్చుకున్నది, రెండేళ్లది, కూనగా ఉన్నప్పుడు ఒక టీకా వేయించాం. ఆరు రోజుల క్రితం ఒక పాప చేతిని పంటితో గీరింది, కాస్త రక్తం వచ్చిందట. మాకు నిన్ననే తెలిసింది.
– ఒక పాఠకురాలు, అనంతపురం జిల్లా

జవాబు: అమ్మా, మీరు చివర్లో రెండు వాక్యాల్లో తేల్చేసిన కుక్క సంగతే అన్నిటికన్నా ముందు. ఇది అచ్చయ్యేదాకా ఆగే విషయం కాదు కాబట్టి మీకు ఫోనులో చెప్పాను. ఇలాంటి సంస్థలు నడిపే మిగతావారి కోసం మళ్లీ రాస్తున్నాను.

కుక్క పంటి గాటు వల్ల రేబిస్ (పిచ్చికుక్క వ్యాధి) రావచ్చు. రక్తం వచ్చిందంటే అది మూడో తరగతి, అంటే అన్నిటికన్నా ప్రమాదకరమైన గాయం. రేబిస్ టీకాతో పాటు గాయంలోనూ, చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్ (టీకా పనిచేసేలోపు కాపాడే మందు) కూడా వేయాలి. గాయాన్ని వెంటనే సబ్బుతో, ధారగా పారే నీటి కింద 15 నిమిషాలు కడగాలి. ఆ సమయం దాటిపోయినా, గాయం ఇంకా మానకపోతే ఇప్పుడైనా కడగాలి, టీకాకూ ఆలస్యమైందని మానకూడదు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో చర్మంలోకి వేసే పద్ధతిలో 0, 3, 7, 28 రోజుల్లో ఇస్తారు. 0 అంటే మొదటి డోసు వేసిన రోజు. ఒక్కటి కూడా తప్పకూడదు. కుక్కను కట్టేసి, కరిచిన రోజు నుంచి 10 రోజులు గమనించండి. అలాగని పాప టీకా ఆ పది రోజుల కోసం ఆపవద్దు. కుక్క ఆరోగ్యంగా నిలిస్తే మిగతా డోసుల గురించి డాక్టరే చెబుతారు. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక చేయగలిగింది దాదాపు ఏమీ లేదు.

కుక్కకు ఆ పది రోజుల్లో టీకా వేయించకండి. జ్వరమో నీరసమో వస్తే ఏది దేనివల్లో తెలియదు. పది రోజులు దాటాక వేయించండి, నెలకు బూస్టర్, ఆ తర్వాత ఏటా తప్పకుండా. కూనగా ఉన్నప్పుడు వేసిన ఒక్క టీకా జీవితమంతా కాపాడదు. బూస్టర్ పడి నెల నిండేవరకు దాన్ని చిన్నారుల దగ్గరికి రానివ్వకండి. ప్రపంచ జూనోసిస్ (జంతువుల నుంచి మనుషులకు సోకే వ్యాధుల) దినమని జులై 6న మన పశువైద్యశాలల్లో ఈ టీకా ఉచితంగా వేస్తారు. 1885లో అదే రోజున పాశ్చర్ కుక్క కరిచిన తొమ్మిదేళ్ల బాలుడికి తొలి టీకా ఇప్పించాడు. అయితే జులై కోసం ఎదురు చూడవద్దు. నిత్యం జంతువులతో మెలిగే చిన్నారులకు, మీ సిబ్బందికి కరవకముందే వేసే మూడు డోసుల టీకా ఉంది: 0, 7 రోజుల్లో, తర్వాత 21 లేదా 28వ రోజున. డాక్టరును అడిగి వేయించండి.

మీ ఉత్తరంలో నన్ను కలవరపెట్టింది ఆ ఆరు రోజులు. పాప ఎందుకు చెప్పలేదో మీరు రాయలేదు, నాకు మాత్రం తెలిసినట్టే ఉంది. చెబితే కుక్కను వెళ్లగొడతారని భయపడి ఉంటుంది. ఇంట్లో నోరు విప్పితే దెబ్బలు తిన్న బిడ్డకు గాయం దాచడం అలవాటైపోతుంది. అందుకే మీలాంటి చోట మామూలు పాడి రైతు ఇంటికన్నా రెట్టింపు జాగ్రత్త కావాలి. 'చెప్పినందుకు ఏ జంతువునూ పంపించేయం' అని చిన్నారులందరికీ ఈ శనివారమే చెప్పండి, ఆ మాట నిలబెట్టుకోండి. సాయంత్రం ఇంటికి వెళ్లేముందు ప్రతి బిడ్డ చేతులూ మోచేతుల దాకా మీరే చూడండి. ఒక నోటు పుస్తకంలో తేదీ, ఏ జంతువుతో పని చేశారు, గీత గానీ పుండు గానీ ఉందా అన్నది రాయండి. దీనికి పైసా ఖర్చు లేదు.

ఇక మేకలు. నాలుగో డోసు వద్దు. అది గజ్జి కాదు. గజ్జి అయితే విపరీతమైన దురద ఉంటుంది, గోడకు, గుంజకు రుద్దుకుంటాయి, చర్మం మందంగా మడతలు పడుతుంది. మీరు పంపిన ఫోటోల్లో పెదాల మూలల్లో గడ్డకట్టిన పొక్కులు ఉన్నాయి, పాలు తాగడానికి నొప్పి అని ఫోనులో కూడా చెప్పారు. ఇది ఆర్ఫ్ అనే వైరస్ వల్ల వచ్చే మూతిపుండ్ల వ్యాధి. సంత నుంచే వచ్చి ఉంటుంది. ఐవర్‌మెక్టిన్ పరాన్నజీవులను చంపే మందు, వైరస్‌పై పనిచేయదు. పైగా 1 శాతం ఇంజెక్షన్ మోతాదు 50 కిలోల బరువుకు 1 మి.లీ., చర్మం కింద. 5 కిలోల మేకపిల్లకు 0.1 మి.లీ. చాలు. మీరు పది రెట్లు వేశారు, అదీ మూడుసార్లు! తూలడం, మగతగా పడి ఉండటం కనిపిస్తే వెంటనే పశువైద్యుడికి చూపించండి. పాలిచ్చే మేకలకు అది వాడకూడదు. వైద్యుడు చెప్పేవరకు ఆ పాలు చిన్నారులకు ఇవ్వకండి. ఏ మేక పాలైనా కాచకుండా ఎప్పుడూ తాగించవద్దు, బ్రూసెల్లోసిస్ అనే జ్వర వ్యాధి రావచ్చు.

లీటరు నీటిలో 1 గ్రాము పొటాషియం పర్మాంగనేట్ కలిపి, ఉదయం, సాయంత్రం మూతి కడిగి, ఆరాక బోరో గ్లిజరిన్ పూయండి. చేతికి తొడుగులు ఉండాలి. పొక్కులు పీకవద్దు. మూడు, నాలుగు వారాల్లో అవే రాలిపోతాయి. ముళ్ల కొమ్మలు, గరుకు మేత ఆపి లేత అవిసె, సుబాబుల్ ఆకు, పల్చని గంజి ఇవ్వండి. బరువులో పదో వంతు పాలు రోజుకు నాలుగు విడతలుగా, ఒక్కో పిల్లకు విడి సీసా, విడి పీక. వాడిన ప్రతిసారీ వేడి నీళ్లలో మరిగించాలి. తల్లుల పొదుగుపై కూడా పొక్కులు చూడండి. చీము పట్టినా, పురుగులు పడినా పశువైద్యుడిని పిలవండి. జ్వరం, ముక్కు కారడం, పారుడు మొదలైతే అది పీపీఆర్ అనే ప్రాణాంతక అంటువ్యాధి కావచ్చు, అదే రోజు కబురు పెట్టాలి.

అబ్బాయి వేలిది ఆర్ఫ్ పుండే అయి ఉండాలి. సాధారణంగా ఆరు వారాల్లో దానంతట అదే మానుతుంది. గిల్లకుండా, కోయకుండా పొడి కట్టు కట్టాలి. అయినా డాక్టరుకు చూపించి, మేకపిల్లల సంగతి తప్పక చెప్పండి. దొమ్మ రోగంలోనూ (ఆంత్రాక్స్) వేళ్లపై నల్లటి పక్కు కడుతుంది. మీ మందలో హఠాత్తుగా ఏదీ చావలేదు కాబట్టి నాకు ఆ అనుమానం తక్కువే, కాని దాన్ని తేల్చాల్సింది డాక్టరు.

ఫోటో చూసి మందు అమ్మినవారిని ఏమనాలో తెలియడం లేదు. బరువు అడగలేదు, వయసు అడగలేదు, పాలిస్తున్నాయా అని అడగలేదు. పశువుల కోసం అమ్మిన ఆయింట్‌మెంట్ బిడ్డ చేతికి చేరింది. అందులో స్టెరాయిడ్ ఉంటే ఆ పుండు మానడం మరింత ఆలస్యం. ఆపేయండి. పశువుల సంచార వైద్యశాల నంబరు 1962, ఫోనుకు ఖర్చు లేదు. పొక్కు ముక్క ఒకటి జిల్లా వ్యాధి నిర్ధారణ ప్రయోగశాలకు పంపించమని వారిని అడగండి.

మీ పని మానుకోమని నేను అనను. న్యూయార్క్ రాష్ట్రంలో గ్రీన్ చిమ్నీస్ అనే సంస్థ 1947లో మొదలై, ఇప్పటికీ ఇలాంటి పిల్లలను పొలంలో జంతువుల మధ్య పెంచుతోంది. మాట్లాడని బిడ్డ మేకపిల్ల చెవిలో గుసగుసలాడటం నేనూ చూశాను. కాని పుండ్లు మానేదాకా చిన్నారులు ఈ ఆరింటి జోలికి వెళ్లకూడదు. ఆ నెల రోజులు మేత కోయడం, నీళ్లు మోయడం, ఆరోగ్యంగా ఉన్న పెద్ద మేకలను దువ్వడం చేయించండి. పని ముగిశాక సబ్బుతో చేతులు కడగాలి, శానిటైజర్ సరిపోదు. కొట్టంలో తినుబండారాలు వద్దు. ఒక మేక దగ్గర ఒకేసారి ఇద్దరికి మించి చేరకూడదు. అది పక్కకు తప్పుకుంటే వదిలేయాలి.

రాలిన పొక్కులు పొడి నేలలో నెలల తరబడి వ్యాధిని నిలుపుతాయి. ఊడ్చి కాల్చండి, గోడలకు, నేలకు సున్నం వేయండి. కోలుకున్నాక, నాలుగు నెలలు నిండిన ప్రతిదానికీ పీపీఆర్ టీకా 1 మి.లీ. చర్మం కింద వేయించాలి. పశుసంవర్ధక శాఖ ఉచితంగానే వేస్తుంది. సంతలో మాత్రం ఇక కొనవద్దు. తెలిసిన మంద నుంచి తెచ్చినా కొత్త మేకలను నెల రోజులు వేరు కొట్టంలో ఉంచి, ఆ తర్వాతే చిన్నారుల చేతికి ఇవ్వండి. ప్రయోగశాల ఫలితం వచ్చాక మళ్లీ రాయండి.